మూడో మాట చెప్పిన పంతులమ్మ

ఆత్మకూరు నుంచి పాత సహోద్యోగి ఫోన్ చేశాడు. "మన తెలుగు పంతులమ్మ పోయింది. మధ్యాహ్నం అన్నం తిని పడుకొన్న మనిషి మళ్ళా లేవలేదు" అన్నాడు. పోయిందన్న మాట కంటే పడుకొన్నదన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆమె ఒకచోట స్థిమితంగా ఉండగా నేను చూసింది తక్కువ. పుస్తకం నడుస్తూ చదివేది. టీ నిలబడి తాగేది. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు నాలుగు పేపర్లకొకసారి లేచి వరండా చివరిదాకా పోయి వచ్చేది. పోయి వచ్చినప్పుడల్లా అంతకుముందు వేసిన మార్కుల్లో ఒకటో అరో మారేది.

తొంభైల మొదట్లో నేను ఆత్మకూరు బడిలో లెక్కల టీచరుగా చేరాను. మాది వింజమూరు. మా నాయన అక్కడి బాప్టిస్టు చర్చిలో డీకన్, అంటే చర్చి పనులు చూసే పెద్ద. చేరిన మొదటివారంలోనే ఆమె స్టాఫ్‌రూములో నా కుర్చీ పక్కకు వచ్చి నిలబడింది. అప్పటికే యాభై దాటిన మనిషి. బక్కపలచన, ముతక నేతచీర, భుజాన గుడ్డసంచి.

"నువ్వు వింజమూరు డీకన్ గారి కూతురివంట గదా?"

"అవును మేడం."

"అయితే చెప్పు. ఏసు ఏ మతం?"

వేళాకోళం అనుకొని నవ్వాను. "క్రైస్తవ మతం."

"ఎట్ట తెలుసు?"

ఆమె తలుపుదాకా పోయి వెనక్కి వచ్చింది.

"ఆయన పుట్టినప్పుడు ఆ మాటే లేదమ్మాయ్. యూదుడుగా పుట్టినాడు. ఎనిమిదో దినం సున్నతి చేసినారు. విశ్రాంతి దినాన యూదుల సమాజమందిరానికి పొయ్యేవాడు, పండగకు యెరూషలేము పొయ్యేవాడు. యూదుడుగానే చచ్చిపోయినాడు. లెక్కల టీచరువు, ముందు వచ్చేదేందో వెనక వచ్చేదేందో చూసుకోవద్దా?"

ఇవన్నీ నేను చిన్నప్పటినుంచి చదివినవే. కానీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎప్పుడూ చూడలేదు. ఆ వారమంతా నాకు కుదురు లేదు. తెలిసిన ఇంట్లోనే ఒక గది ఉన్నట్టు, దాని తలుపు నేను ఇన్నాళ్ళూ గోడ అనుకొన్నట్టు అనిపించింది.

ఆమెకు ఈ చదువు ఎట్లా పట్టుకొందో తర్వాత చెప్పింది. ఒకసారి తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల లేచి, "ఏసు ఏ భాష మాట్లాడినాడు టీచర్?" అని అడిగిందట. ఈమె తడుముకోకుండా "హీబ్రూ" అని చెప్పేసింది. ఇంటికి పోయాక అనుమానం వచ్చింది. పాస్టరును అడిగితే ఆయనా హీబ్రూ అన్నాడు. ఎవరో పాత మిషనరీ వదిలిపోయిన పుస్తకంలో చూస్తే, ఆ కాలానికి ఏసు పెరిగిన గలిలయలో ఇండ్లల్లో మాట్లాడింది అరమాయిక్ అని ఉంది. మర్నాడు క్లాసుకు పోయి, "నేను నిన్న తప్పు చెప్పినాను" అని ఒప్పుకొందట. "ఆ పొద్దు నుంచి నాకు తెలుసనుకొన్నవన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకుంటా ఉండా. ఇంకా అయిపోలేదు" అనేది.

పోస్టులో చదివే క్రైస్తవ వేదాంత కోర్సు ఒకటి కట్టింది. ఖాకీ కవర్లలో పాఠాలు వచ్చేవి. తెలుగు పండితురాలు కాబట్టి ఆ చదువును తన పద్ధతిలోకి తెచ్చుకొనేది. "మన తాటాకు పుస్తకాలు చూడు. ఒక పద్యానికి నాలుగు పాఠాలు ఉంటాయి. రాసేవాడికి నిద్ర వస్తే ఒక అక్షరం పోతాది. వాడికి తెలివి ఎక్కువైతే ఒక మాట చేరతాది. బైబిలు పుస్తకాలూ అట్టనే వచ్చినాయి. పౌలు జాబులు ముందు రాసినవి, ఏసు కథ చెప్పే సువార్తలు తర్వాతవి. బైండింగులో ఏది ముందుందో చూసి కాలం చెప్తే ఎట్ట?" అనేది.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఉదయగిరిలో అన్న ఇంట్లో ఉండేది. వారమంతా ఆత్మకూరులో ఒక రెడ్ల ఇంటి వెనక గదిలో అద్దెకుండి, శనివారం మధ్యాహ్నం బస్సుకు ఇంటికి పోయేది. వింజమూరుదాకా నేనూ ఆమే. సీటు ఖాళీ ఉన్నా సగం దూరం నిలబడే వచ్చేది. నా ఒడిలో ఆమె సంచి, ఆమె చేతిలో పాఠం. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా వాక్యం తెగేది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేది.

హీబ్రూ అక్షరాలు దిద్దడం మొదలుపెట్టినప్పుడు ఇంటావిడ భయపడింది. "ఏందమ్మా, కుడి నుంచి ఎడమకు రాస్తుండావు? మంత్రాలా?" అని అడిగిందట. "కాదు రెడ్డెమ్మా, అ ఆలే" అని ఈమె పలక చూపించింది. కానీ చెయ్యి అటునుంచి ఇటు తిరగడం లేదు. దానికి ఉదయగిరిలో ఒక గురువును సంపాదించింది. ఆయన చెక్కగరిటెలు చెక్కే సాయిబు.

ఒక శనివారం నన్ను బలవంతాన ఉదయగిరిదాకా లాక్కొనిపోయి ఆ సాయిబు వసారాలోకి తీసుకుపోయింది. చుట్టూ చెక్కపొట్టు. ఆయన ఒక చెంచా కాడకు పువ్వు తొలుస్తున్నాడు. ఈమె పలక తీసి మొదటి అక్షరం రాసింది.

"ఇది ఆలెఫ్."

సాయిబు ఉలి కింద పెట్టి, పలక అందుకొని పక్కన నిలువుగా ఒక గీత గీశాడు. "మా ఉర్దూలో అలీఫ్ అమ్మా."

"ఇది బేత్."

"బే." ఆయన నవ్వాడు. "ఇద్దరూ చుట్టాలే. మొహాలు వేరు గానీ పేర్లు కలస్తా ఉండాయి."

"యూదులు కలిసినప్పుడు షాలోం అంటారంట."

"మేం సలాం అంటాం గదా!"

ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరూ పలక మీద అక్షరాలు మార్చుకొంటుంటే నేను చూస్తూ కూర్చున్నాను. మణికట్టు ఎట్లా వదులు చెయ్యాలో సాయిబు ఆమె చెయ్యి పట్టుకోకుండా, గాల్లో తన చెయ్యి తిప్పి చూపించాడు. ఇంటికి పోయేటప్పుడు ఆమె మొహంలో సంతోషం ఉండాలి కదా, లేదు. "ఇంత దగ్గరగా ఉండే వాటిని మనకు ఎవురూ ఎందుకు చూపించలేదు అమ్మాయ్? నా జీవితకాలమంతా అయిపోవస్తా ఉండాది" అంది.

ఇంకో శనివారం, అదీ బస్సులోనే, ఉన్నట్టుండి అడిగింది. "నీకు ప్రార్థన వస్తుందా?"

"వస్తుంది మేడం."

"మా అవ్వ బైబిలు స్త్రీ, ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పేది. చదువు రాదు. వాక్యాలన్నీ నోటికే. ఆమె మోకాళ్ళూనితే ఎదురుగా ఎవురో కూర్చొని వింటా ఉండారని నాకు చిన్నప్పుడు అనిపించేది. ఇప్పుడు నేను మోకాళ్ళూనితే ఫుట్‌నోట్లు గుర్తొస్తా ఉండాయి." కిటికీ కమ్మీ గట్టిగా పట్టుకొని బయటికి చూసింది. "కొన్ని దినాలు వస్తాది. కొన్ని దినాలు రాదు. రాని దినం భయమేస్తాది."

"అయితే ఆ పుస్తకాలు కొన్నాళ్ళు ఆపండి మేడం."

"ఆపితే అబద్ధమాడినట్టు గదా. తెలిసినాక తెలియనట్టు ఎట్ట ఉండేది?"

ఆమెలోని ఆ కుదురులేనితనం చదువు పిచ్చి అని మా స్టాఫ్‌రూములో అందరూ నవ్వేవాళ్ళు. అది భయం కూడా అని నాకు ఆ రోజు తెలిసింది.

ఉదయగిరి చర్చిలో గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటలకు ఏడుగురు మాట్లాడతారు. తల్లిని శిష్యుడికి అప్పగించిన మూడో మాటను ఆడవాళ్ళకు ఇచ్చేవాళ్ళు. అది తల్లి మాట కాబట్టి కన్నీళ్ళు పెట్టించాలని ఆనవాయితీ. ఆ ఏడు ఆ మాట ఆమెకు వచ్చింది. ఇరవై ఏళ్ళుగా అక్కడ సండేస్కూలు నడుపుతున్న మనిషి. ఆమె అన్న ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరుగా రిటైరై, చర్చికి సెక్రటరీగా ఉన్నాడు. "నువ్వు వచ్చి ముందు వరసలో కూర్చో. నాకు ధైర్యంగా ఉంటాది" అని నన్ను పిలిచింది. పోయాను.

ఎండకు రేకుల కప్పు టకటకమంటోంది. తెల్లచీరలు, తెల్లపంచెలు, విసనకర్రలు. మొదటి రెండు మాటలూ అయినాయి. ఆమె లేచి వెళ్ళి నిలబడింది. చేతిలోని కాగితం విప్పింది.

"ఇది ఒక యూదుడు, యూదురాలైన తన తల్లికి చెప్పిన మాట" అని మొదలుపెట్టింది.

వెనక ఎవరో దగ్గారు.

"ప్రతి ఏడూ ఈ దినం, ఈడ నుంచి, యూదులు చంపినారు, యూదులు చంపినారు అని వింటా ఉండాం. నేనూ మీ బిడ్డలకు ఇరవై ఏళ్ళు అదే చెప్పినాను. సిలువ రోమావాళ్ళ శిక్ష. తీర్పు చెప్పింది రోమా గవర్నరు. మేకులు కొట్టింది రోమా సైనికులు. యాజకుల్లో కొందరు అప్పగించినారు, కాదనను. కానీ కొందరి పేరున జాతినంతా కట్టేసినారు. ఎప్పుడు? ఆయన పోయిన నలభై ఏళ్ళకు యెరూషలేము గుడి కాలిపోయి, ఊరు కూలిపోయి, ఒకే ఇంటి బిడ్డలు ఏసును నమ్మినోళ్ళు, నమ్మనోళ్ళు అని రెండు పక్షాలుగా పోట్లాడుకొంటా ఉన్నప్పుడు. కోపంలో అన్న మాట కాగితం మీద నిలిచిపోయింది."

ఆమె ఇప్పుడు కాగితం వైపు చూడటం లేదు.

"ఆ మాట పట్టుకొని తర్వాత దేశదేశాల్లో వాళ్ళను ఊరి బయట పెట్టినారు. ఇండ్లు తగలబెట్టినారు. ఒక జాతిని మొత్తం ఊరి బయట పెట్టడమంటే ఏందో, ఈ గుళ్ళో కూర్చున్న మనకంటే ఎవురికి తెలుసు?"

విసనకర్రలు ఆగిపోయాయి. ముందు వరసలో ఒక ముసలమ్మ కళ్ళు తుడుచుకొంది. తల్లి మాటకే తుడుచుకొందో, ఊరి బయటి మాటకో నాకు తెలియదు. అప్పుడు పక్క బల్ల మీద నుంచి అన్న లేచాడు.

"పాపా, చాలు. దిగు."

"అయిపోలేదన్నా."

"దిగమంటుండా."

ఆమె అన్న వైపు చూసింది. కాగితం నాలుగు మడతలు పెట్టింది. కిందికి దిగి, వరసల నడుమ నుంచి నడుచుకొంటూ ఎండలోకి వెళ్ళిపోయింది. పాస్టరు గబగబా పాట ఎత్తాడు.

ఆదివారానికి సండేస్కూలు వేరేవాళ్ళకు ఇచ్చేశారు. ఇంట్లో అన్న, "ఆ పుస్తకాలన్నా ఈ ఇంట్లో ఉండాల, నేనన్నా ఉండాల" అన్నాడట. ఆమె వాదించలేదు. సోమవారం మొదటి బస్సుకు ఒక ట్రంకుపెట్టె, రెండు గోతాల పుస్తకాలు టాపు మీద వేయించుకొని ఆత్మకూరు వచ్చేసింది. ఆ ఇంట్లో పుట్టి, యాభై ఏళ్ళు బతికిన మనిషి.

ఆ వారంలోనే ఉదయగిరి పాస్టరు, ఇద్దరు పెద్దలు వింజమూరులో మా ఇంటికి వచ్చారు. మా నాయన వాళ్ళకు మజ్జిగ ఇప్పించి నన్ను పిలిచాడు.

"ఆమెతో కలిసి నువ్వు కూడా ఆ పుస్తకాలు చదవతా ఉండావంటనే?" అని పాస్టరు అడిగాడు.

మా నాయన నా మొహం వైపు చూడకుండా నేల చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళు వింజమూరు చర్చి తలుపులు తీసి మూసిన మనిషి.

"నాకేం తెలియదు. బస్సులో పక్క సీటు, అంతే" అన్నాను.

వాళ్ళు ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. మా నాయన ఊపిరి పీల్చుకొన్నాడు. నా నోట్సుపుస్తకంలో నాకు నేర్పుతూ ఆమె చేత్తో రాసిచ్చిన హీబ్రూ అక్షరాలు ఉన్నాయి. ఆ పుస్తకాన్ని బీరువా అడుగున చీరల కింద పెట్టాను.

ఆ తర్వాత ఆమెను తప్పించుకొని తిరిగాను. సెలవులకు ముందు కొన్ని రోజులు, బడి తెరిచాక ఒక నెల. ఆమె ఉన్నప్పుడు స్టాఫ్‌రూములోకి పోయేదాన్ని కాదు. శనివారాలు ఆమెకు ఇక బస్సు లేదు కాబట్టి అది మాత్రం సులువైంది. ఒక శనివారం బస్టాండులో నిలబడి ఉంటే వెనక నుంచి గొంతు వినబడింది.

"నీకేం తెలియదని చెప్పినావంట గదా?"

తిరిగి చూడలేకపోయాను. "చెప్పాను మేడం" అన్నాను.

"అబద్ధమేం చెప్పలేదులే. నీకేం తెలుసని? పది అక్షరాలు తప్పుల్లేకుండా రాయలేవు." ఆమె నా చేతిలోని సంచి లాక్కొంది. "రా, రూముకు పోదాం. టీ పెడతా."

నాకు ఏడుపు వచ్చింది. ఆమె చూడనట్టు ముందు నడుస్తూ, ఈసారి వచ్చిన పాఠం ఎంత ఘోరంగా అచ్చయిందో చెబుతూ పోయింది. నేను ఆ రోజు ఆ బస్సు ఎక్కలేదు.

మూడేళ్ళు అట్లా గడిచాయి. ఆమె అన్న మాట ఎత్తేది కాదు. కానీ నేను ఊరినుంచి వచ్చిన సోమవారాల్లో, "ఉదయగిరి పక్క వాన పడిందంటనా?" అని అడిగేది. ఒకసారి టీచర్ల ట్రైనింగుకు ఉదయగిరి పోవలసి వచ్చింది. సాయంత్రం నేరుగా అన్న ఇంటికి పోయాను. ఆయన మనిషి తగ్గిపోయాడు. చెల్లెలి పేరెత్తగానే చాలాసేపు కళ్ళజోడు తుడుచుకొన్నాడు.

"ఆమె చెప్పింది తప్పని నేననలేదమ్మా. నాకంత చదువు లేదు. మా అవ్వను ఊళ్ళో ఎవురూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. 'ఒసే' అనేవాళ్ళు. చర్చి రిజిస్టర్లో రాసినాకనే ఆమెకొక పేరు ఉండాదని జనానికి తెలిసింది. ఆ గుళ్ళో ఒక ఇటుక కదిలిస్తే నాకు మా అవ్వ పేరు కదిలినట్టుంటాది. పాప తట్టుకుంటాది. మిగతా వాళ్ళు తట్టుకోవద్దా?" ఆగి, "పాప మోకాలి నొప్పి ఎట్ట ఉండాదంట?" అని అడిగాడు.

నేను వచ్చి ఆ మాటలన్నీ చెప్పాను. ఆమె గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగింది.

"ఆ ముక్క నాతో ఎందుకు అనలేదు అన్న?"

"మీరు అడిగారా మేడం?"

ఆమె తిరగడం ఆపి నా వైపు చూసింది. కోప్పడుతుందనుకొన్నాను. కోప్పడలేదు. మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

ఆ ఏడే ఆమె వేదాంత కోర్సు చివరి పరీక్ష. నెల్లూరు సెంటరు, నేను తోడు పోయాను. బయటికి వచ్చేసరికి ఆమె చేతినిండా సిరా. "క్రైస్తవ సంఘం, యూదుల సమాజమందిరం ఎందుకు విడిపోయినాయని అడిగినారు. ఎనిమిది పేజీలు రాసినాను. కారణాలన్నీ రాసినాను. ఆఖర్లో ఒకటి సొంతంగా చేర్చినాను. మనం చదివేదంతా బయటికి పోయినవాళ్ళు రాసిన కథ, ఇంట్లో మిగిలినవాళ్ళకు ఎట్ట ఉండిందో కూడా అడగాల అని." రిక్షా కోసం చూస్తూ నిలబడి అంది, "అది రాస్తా ఉంటే పేపరు మీద అన్న కనబడినాడు."

పాసయింది. ఆ పేపర్లోనే మార్కులు తక్కువ. సొంత కవిత్వం ఎందుకని దిద్దినాయన ఎర్రసిరాతో అడిగి ఉంటాడని నవ్వింది. సర్టిఫికెట్టును పుస్తకాల గోతంలో వేసి, నాతో, "అన్నను రమ్మని చెప్పు. క్షమాపణలకు కాదు, వాదించడానికే రమ్మను" అంది.

మా నాయన ద్వారా కబురు పంపాను. రెండు శనివారాలు ఎవరూ రాలేదు. మూడో శనివారం మధ్యాహ్నం అన్న వచ్చాడు. భుజాన తువ్వాలు, చంకలో బైబిలు, చేతిలో ఇంటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి సీసా. నేను గదిలోనే ఉన్నాను. ఆమె కుర్చీ లాగి పెట్టింది. ఆయన కూర్చొని గోడ పొడుగునా ఉన్న పుస్తకాలను చూశాడు.

"ప్రార్థన చేసుకుంటా ఉండావా?" అని అడిగాడు.

"కొన్ని దినాలు."

"మిగతా దినాలు?"

"మిగతా దినాలు నాకు కూడా కలిపి నువ్వు చెయ్యి."

ఆయన తల దించుకొని, "చేస్తానే ఉండా" అన్నాడు. "సరే గానీ, ఆ పొద్దు యాజకులు కొందరే అన్నావు. మరి సిలువ వెయ్యమని జనం కేకలు వేసినారని రాసుండాది గదా. అది కూడా అబద్ధమేనా?"

ఆమె కళ్ళు వెలిగాయి. "అబద్ధమని నేనన్నానా? ఏ జనం? ఎంతమంది? ఆ గవర్నరు వాకిట్లో ఎంతమంది పడతారో నువ్వే లెక్క చెప్పు."

మొదలైంది. ఆమె ఒక పుస్తకం తీస్తే ఆయన తన బైబిలు తెరిచాడు. ఆయన ఒక వాక్యం చదివితే ఆమె దానికి ముందు నాలుగు వాక్యాలు చదివించింది. ఒకసారి ఆయన బల్ల మీద గుద్దాడు. ఒకసారి ఆమె, "అది నిజమే. నేను చూసుకోలేదు" అని రాసుకొంది. కేకలు విని ఇంటావిడ పరుగున వచ్చింది.

"ఏందమ్మా, కొట్లాడుకుంటా ఉండారా?"

"లేదు రెడ్డెమ్మా. చదువుకుంటా ఉండాం."

నేను టీ పెట్టి ఇచ్చాను. చల్లారిపోయింది. మళ్ళీ పెట్టాను. ఉదయగిరికి ఆఖరి బస్సు వేళయిందని గుర్తుచేస్తే ఆమె ఉలిక్కిపడి, "అన్నా, నీ బస్సు!" అంది.

అన్న పేజీ మీద వేలు తియ్యలేదు.

"పోతే పోనీ. ముందు ఇది తేల్చు" అన్నాడు.